బావి నీళ్ళలో గుట్ట

ఆవిడ పోయిందని ఫోను వచ్చినప్పుడు స్టాఫ్ రూములో చాలామందిమే ఉన్నాం. అయ్యో అన్నారు, వయసెంత అన్నారు, పెళ్ళి చేసుకోలేదు కదూ అన్నారు. జబ్బేమిటని మాత్రం ఒక్కరూ అడగలేదు. పలాస దాటి సముద్రం వైపున్న ఊళ్ళ మనుషులు యాభై నిండకుండా పోతే ఇక్కడ ఆ ప్రశ్న ఎవరూ వెయ్యరు. కిడ్నీలేనని అందరికీ తెలుసు. కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఎవరికీ తెలియదు. ఆ సంగతి తెలుసుకోవాలనే ఆవిడ బతికింది, తెలుసుకోకుండానే పోయింది.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఆవిడ మీద నాకు బతికుండగానే కోపం. ఒక్క విషయంలో మేమిద్దరం గట్టిగా తగువులాడుకున్నాం, అది తేలకుండానే వెళ్ళిపోయింది. ఇప్పుడు రెండు పక్షాలూ నేనొక్కదాన్నే వాదించుకోవలసి వస్తోంది.

శ్రీకాకుళంలో మాది డిగ్రీ కాలేజీ. ఆవిడ కెమిస్ట్రీ, నేను జువాలజీ. సీసాల్లో కప్పలూ పాములూ ఉన్న నా గదికీ ఆవిడ లేబుకీ మధ్య ఒక తలుపుంది, దానికి గొళ్ళెం లేదు. ఎప్పుడు తోసినా ఆవిడ ఒక్కలాగే కనిపించేది. పొట్టి మనిషి, మోచేతులదాకా జాకెట్టు, ముక్కుమీదికి జారిన కళ్ళజోడు. బల్లమీద మఖమల్ గుడ్డ అతికించిన బిళ్ళ, దాని మీద తెల్లటి పొడి తడిపిన ముద్ద. చేతిలో పెన్నంత పుల్ల. దాని కొసన మిరియపు గింజంత నల్లటి చుక్క. ఆ చుక్కని ఆ ముద్దలో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ ఉండేది. ఊరికే గుండ్రంగా తిప్పితే ఒకవైపే అరుగుతుందట, ఎనిమిది చుడితే సమంగా నున్నబడుతుందట. ఆ నల్లచుక్కే ఎలక్ట్రోడ్. నీళ్ళలో ముంచి కరెంటు పంపే ముందు అది అద్దంలా ఉండాలి. క్రితంసారి నీళ్ళ తాలూకు మురికి ఇసుమంత మిగిలినా లెక్క తప్పుతుంది.

ఆ తిప్పుడు ఆవిడ చేతికి అంటుకుపోయింది. మీటింగులో ప్రిన్సిపాలు మాట్లాడుతుంటే బొటనవేలు బల్లమీద ఎనిమిదులు చుట్టేది. పప్పన్నం కలిపినా అదే తీరు. పిల్లలు చాటుగా 'ఎనిమిదో ఎక్కం మేడం' అనేవారు. ఆవిడ నోటి మాట కూడా ఒక్కటే, "కడిగేవా?" బీకరు పట్టుకున్నవాణ్ణి అడిగేది, సరే. కొత్త సంగతి చెప్పబోయిన నన్నూ అదే అడిగేది. ఫలానావిడకీ మొగుడికీ పడడం లేదటే అని నేను మొదలెడితే, "కడిగేవా? నువ్వు చూసేవా, ఎవరో చెబితే తెచ్చేవా?" అనేది. దాంతో నా కబురు చప్పబడిపోయేది. ఇలాంటి మనిషితో స్నేహం చెయ్యడం ఎంత కష్టమో మీకు తెలియదు.

పాఠం చెప్పేటప్పుడు మాత్రం ఊరి భాష దాచుకునేది కాదు. ఓసారి తలుపు సందులోంచి విన్నాను. "ఒరే, ప్రతి మనిషికీ ఓర్పు ఒక్కోసోట అయిపోతాది. మీ నాన్నకి రెండో మాటకే, మీయమ్మకి పదో మాటకి. నీల్లలో కలిసిన మందులకీ అంతే. వోల్టేజీ పెంచుకుంటూ పోతే ఒక్కో పదార్థానికీ ఒక్కోసోట ఓర్పు తప్పుతాది, ఎలక్ట్రాన్ ఒదిలేస్తాది. అక్కడ కరెంటు లేస్తాది. కంప్యూటర్ మీద గీత గుట్టలాగ లేస్తాది. ఎక్కడ లేసిందో సూస్తే ఎలాటి సరుకో తెలుస్తాది, ఎంతెత్తు లేసిందో సూస్తే ఎంతున్నాదో తెలుస్తాది."

"పేరు కూడా తెలుస్తాదా మేడం?" అని ఒక పిల్ల అడిగింది.

"తెలీదు. ఏ కులమో తెలుస్తాది గాని ఇంటిపేరు తెలీదు. పేరు కావాలంటే ఇంకా పెద్ద మిషన్లకి పంపాల."

ఈ గుట్టల కోసం ఆవిడ తన ఊరి నీళ్ళు తెప్పించుకునేది. తల్లి చిన్నప్పుడే పోతే అన్ననీ తననీ పెంచిన పెద్దమ్మ ఒకామె ఆ ఊళ్ళో ఉంది. ఆ ముసలామె వీధి బావి నీళ్ళూ, బోరు నీళ్ళూ సీసాల్లో పట్టి, చేపలు పంపే థర్మకోల్ పెట్టెలో ఐసు వేసి బస్సెక్కించేది. మేమిద్దరం సాయంత్రం బస్సు కాంప్లెక్సుకి వెళ్ళి దింపుకునేవాళ్ళం.

"రొయ్యలేటమ్మా?" అన్నాడొకసారి కండక్టరు.

"నీళ్ళు."

"నీలుకి అయిసేటి?"

"లేకపోతే పాడైపోతాయి."

"పాడైపోయే నీలు ఇంతదూరం ఎందుకు మోయిస్తన్నారమ్మా, ఇక్కడ నీలు లేవేటి?"

నేను పగలబడి నవ్వాను. ఆవిడ నవ్వలేదు. పెట్టె గుండెకి హత్తుకుని ఆటో వైపు నడిచింది. అప్పటికే వాళ్ళన్నకి రోజు విడిచి రోజు డయాలసిస్ చేస్తున్నారు.

ఆ అన్న సంగతి చెప్పాలి. కొబ్బరి, జీడిమామిడి, కొంచెం వరి ఉన్న రైతు. కట్టె కాలినట్టు నల్లగా, ఎండి ఉండేవాడు. చెల్లెలంటే గర్వం. ఆసుపత్రి మంచం మీద పక్కవాళ్ళందరికీ "మా సెల్లి కెమిస్ట్రీ డాక్టరు" అని చెప్పుకునేవాడు. తన ప్రాణం మీద ఆశ అతనికి ఎప్పుడో పోయింది. అతని దిగులంతా 'నా గుంట' అని పిలుచుకునే కూతురి గురించి. అప్పటికి హైస్కూల్లో ఉంది ఆ పిల్ల. తన నాన్న అలాగే పోయాడు, తన బాబాయి అలాగే పోయాడు, ఇప్పుడు తను పోతున్నాడు. "నాను తాగిన నీలే నా గుంటా తాగుతన్నాది. ఆ నీల్లలో ఏటున్నాదో అదొక్కటీ సెప్పు. దాన్ని తప్పిస్తాను, అంతే" అనేవాడు. ఎవరెవరో వచ్చి నీళ్ళు పట్టుకెళ్ళారు, మట్టి పట్టుకెళ్ళారు. ఊరికి తిరిగొచ్చి ఫలానాది అని చెప్పినవాళ్ళు లేరు. ఇక మిగిలింది చెల్లెలే.

ఒక ఏడాది వానలు మొదలైన రోజుల్లో, ఓ మధ్యాహ్నం ఆవిడ తలుపు తోసుకుని నా గదిలోకి వచ్చింది. ఎప్పుడూ నేనే అటు వెళ్ళేదాన్ని. నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. కంప్యూటర్ మీద గీత చదునుగా పాకుతూ వెళ్ళి ఒకచోట గుట్టలా లేచి దిగింది. నాలాటి కప్పల టీచరుకీ కనిపించేంత గుట్ట.

"వీధి బావి" అంది.

"కడిగేవా?" అన్నాను నేను వేళాకోళంగా.

నవ్వలేదు. నల్లచుక్కని మళ్ళీ ముద్దలో తిప్పింది, చాలాసేపు. కడిగింది. మళ్ళీ ముంచింది. మళ్ళీ లేచింది. బోరు నీళ్ళు పెట్టింది, చదును. నాగావళి నీళ్ళు పెట్టింది, చదును. మర్నాడు కొత్త సీసాలోంచి తీసి పెడితే మళ్ళీ అక్కడే, అంతే ఎత్తున గుట్ట. "ఫినాల్ జాతిదే. పురుగుమందు విరిగితే ఇలాటివే వస్తాయి. బావి చుట్టూ తోటలే కదా" అంది. ఆ మాటంటున్నప్పుడు ఆవిడ గొంతు వణికింది. అన్నేళ్ళలో నేను విన్న ఒకే ఒక్క వణుకు.

అన్నకి చెప్పకుండా ఉండలేకపోయింది. నేనూ వెంట వెళ్ళాను.

"పేరేటి?" అన్నాడతను లేచి కూర్చుని.

"పేరు ఇంకా తెలీదన్నా. ఎక్కువ నీళ్ళు పట్టి విశాఖపట్నం పంపాల."

"ఉన్నాది గదా కాని?"

"ఉన్నాది."

అతను మంచం మీంచే ఊరికి ఫోన్లు చేశాడు. సాయంత్రానికల్లా వీధి బావి మీద ముళ్ళకంప పడింది. ఊరంతా బోరుకి మళ్ళింది. అన్నేళ్ళుగా ఏ దిక్కు చూసి తిట్టాలో తెలియని జనానికి ఒక దిక్కు దొరికింది. ఆవిడ ఫోను ఊరుకునేది కాదు. "దొరికినాదంట గదా మేడమ్మా" అని ఎవరెవరో. ఆ రోజుల్లో అన్న అన్నం అడిగి పెట్టించుకున్నాడని వాళ్ళ వదిన మురిసిపోయి చెప్పింది.

విశాఖపట్నం పంపే నీళ్ళు తన చేత్తోనే పట్టాలని ఆవిడ ఊరెళ్ళింది. కంప తప్పించి, తానే చేద వేసి, సీసాలు నింపుకొచ్చింది. పంపేముందు ఒకసారి చూద్దామని పెట్టింది. గీత చదును.

ఎలక్ట్రోడ్ మీద అనుమానపడింది. తిప్పింది, తిప్పింది. ఎనిమిదులు చుట్టి చుట్టి వేలి చర్మం లేచిపోయింది. చదును. పుల్ల మార్చింది, చదును. "వాన నీళ్ళు కలిసి పలచబడిందేమో" అన్నాను. "పలచబడితే గుట్ట చిన్నదవుతుంది, మాయమవదు" అంది. ఆ మాట చెప్పి అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది.

తరవాతి ఆదివారం ఇద్దరం ఆమదాలవలసలో రైలెక్కి, పలాసలో దిగి, ఆటోలో ఆ ఊరు వెళ్ళాం. పెద్దమ్మ గుమ్మంలో ఉంది. గూని, చెవులకి పెద్ద కన్నాలు, నోటినిండా నవ్వు.

"పెద్దమ్మా, ఎప్పుడూ ఎలాగ పడతావో అలాగే ఇప్పుడు పట్టు. నేను చూస్తాను" అంది ఆవిడ.

ముసలామె సంబరపడింది. బావికి వెళ్ళి చేద వేసింది. వానలకి నీళ్ళు ఎర్రగా, మడ్డిగా ఉన్నాయి. ఇంటికి తెచ్చి ఇత్తడి బిందెలో పోసింది. గూట్లోంచి గుండ్రటి గింజ ఒకటి తీసి, సానరాయి మీద నాలుగు నీటిచుక్కలు వేసి గంధంలా అరగదీసింది. ఆ గంధం బిందెలో కలిపి మూత పెట్టింది.

"ఏటది?" అంది ఆవిడ. ఆ గింజ ఏమిటో తెలియక కాదు. మా ఇళ్ళలో అందరం చూసినదే.

"సిల్లగింజమ్మా. కాసేపుంటే మడ్డంతా అడుక్కి దిగిపోతాది. పైన తేటనీలు ఒంచి సీసాలో పోస్తాను."

"మీరు తాగేటప్పుడూ వేస్తారా?"

"ఇప్పుడెవలేస్తారు? ఓపికేదీ. సుట్టాలొస్తేనే."

"బోరు నీళ్ళకి?"

"ఆటికెందుకు? అయి తేటగానే ఉంటాయి గదా."

"మరి ఉన్నవి ఉన్నట్టే పట్టమన్నాను కదా పెద్దమ్మా."

"అన్నావు. నువ్వు పెద్ద కాలేజీలో మేడమ్మివి. నలుగురూ సూసే సోటికి బురద నీలు పంపుతానేటి? మన ఊరేటనుకుంటారు?"

ఆవిడ గూట్లోంచి ఇంకో గింజ అడిగి తీసుకుంది. పెద్దమ్మ పెట్టిన అన్నం మారు మాట్లాడకుండా తింది. సోమవారం పొద్దున్న లేబులో, ఏ ఊరివీ కాని శుద్ధమైన డిస్టిల్డ్ వాటర్లో ఆ గింజ అరగదీసి కలిపి ఎలక్ట్రోడ్ ముంచింది. అదే చోట అదే గుట్ట. ఊళ్ళో ఇంతమందిని మింగిందనుకున్న శత్రువు ఒక ముసలామె మర్యాద.

ఇక్కడే మా తగువు.

"చెప్పకు" అన్నాను. "నీకేం నష్టం? ఒక బావి మూతపడింది. పడనీ. మీ అన్న కంటినిండా నిద్రపోతున్నాడు. ఎన్నాళ్ళుంటాడు పాపం, ఆ నమ్మకంతోనే పోనీ."

"బోరు?" అంది.

"బోరుకేమైంది?"

"బోరులో గుట్ట లేదని నేనే చెప్పేను. ఇప్పుడు ఊళ్ళో పిల్లలందరూ బోరు నీళ్ళే తాగుతన్నారు, మంచివని. మంచివని ఎవరు చెప్పేరు? నాకు తెలుసా? నీకు తెలుసా?"

"నీకు తెలియదు సరే. ఊరివాళ్ళకి తెలియదని నువ్వెళ్ళి చెబితే వాళ్ళేం తాగుతారే? గాలి తాగుతారా?"

 నిజమేనని ఒప్పుకుంది. అయినా బయల్దేరింది. నా మాటే సరైనదని నేను ఇప్పటికీ అంటాను. చేతిలో ఇవ్వడానికి ఇంకొకటి లేనప్పుడు ఉన్నదాన్ని లాక్కోకూడదు.

ఆసుపత్రి వరండాలో వాళ్ళ వదిన ఎదురొచ్చింది. ఎలా తెలిసిందో, పెద్దమ్మ ఏడుస్తూ చెప్పేసిందేమో. ఆడపడుచు రెండు చేతులూ పట్టుకుంది. "సెప్పకు అమ్మీ. నీకు దండం పెడతాను. ఆ మడిసి ఇన్నాల్లకి కుదురుగా ఉన్నాడు" అంది. ఆవిడ చేతులు విడిపించుకుని లోపలికి వెళ్ళింది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను గాని అంతా వినిపించింది.

విన్నంతసేపూ అతను గొట్టంలో తిరుగుతున్న తన రక్తాన్నే చూశాడు. చివరికి అడిగాడు.

"అయితే బావిలో లేదంటావు."

"లేదని కూడా చెప్పలేనన్నా. నేను చూడగలిగింది లేదు. చూడలేనివి బోలెడుంటాయి."

"బోరులో?"

"తెలీదు."

"మరి నా గుంట ఏ నీలు తాగాల?"

"తెలీదన్నా."

"మరెందుకే సదివేవు ఇంత సదువు" అన్నాడు. తిట్టినట్టు కాదు, నిజంగా తెలియక అడిగినట్టే అడిగాడు. తరవాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "ఇంక నువ్వెల్లు" అన్నాడు.

చెల్లెలితో అతను మాట్లాడిన చివరి మాట అదే. ఆవిడ వెళ్తూనే ఉంది, మంచం పక్కన కూర్చుంటూనే ఉంది, అతను గోడ వైపే ఉండేవాడు. వరికోతలకి ముందు పోయాడు. ఊళ్ళో బావి మీద కంప తీసేశారు. మేడమ్మి ఇంత చదువూ చదివి చిల్లగింజ కనిపెట్టిందని ఎకసెక్కాలాడారు కొందరు. పెద్దమ్మ మనసు విరిగిపోయింది. "నానే నీ పేరు సెడగొట్టేనమ్మా" అని ఆవిడని పట్టుకుని ఏడ్చేది. ఆ ఏడుపు మాన్పించడానికి ఆవిడ నీళ్ళు పట్టే పని మళ్ళీ ఆ ముసలామెకే అప్పజెప్పింది. ఈసారి మడ్డి నీళ్ళే వచ్చాయి. వాటిలో ఏ గుట్టా లేవలేదు.

తరవాత ఎన్నో పద్ధతులు మార్చింది. ఆ నల్లచుక్క మీద ఏవేవో పూతలు పూసింది, దొరకని వాటిని కూడా పట్టుకుంటాయని. పెద్ద యూనివర్సిటీల వాళ్ళని బతిమాలింది. ఒకనాడు ఆవిడ చెప్పుల పట్టీ ఆఖరి కన్నానికి పెట్టుకుని ఉండడం చూశాను. పాదాలు పొంగి ఉన్నాయి. పరీక్ష చేయించుకున్నావా అన్నాను. "చేయించుకున్నాను" అంది, ముద్దలో పుల్ల తిప్పుతూనే. క్రియాటినిన్ ఎంతో చెప్పింది, రక్తం రెండుచోట్ల ఇచ్చి సరిచూసుకున్నానని కూడా చెప్పింది. ఆ మాటకి నాకు చెంపమీద కొట్టాలనిపించింది. ఏడ్చి చావచ్చు కదా మనిషి! ఏడవలేదు. ఆ సాయంత్రం కూడా కాంప్లెక్సుకి వెళ్ళి పెట్టె దింపుకుని, ఆటో ఎక్కలేక నా భుజం పట్టుకుని ఎక్కింది.

మొన్న దినంనాడు ఆ ఊరు వెళ్ళాను. పెద్దమ్మ కూడా లేదిప్పుడు. వదిన వంటల దగ్గర ఉంది. అన్నగారి కూతురు నాకు కుర్చీ వేసింది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. అదే పొట్టి ఆకారం, అదే ముక్కు.  లోపలికి వెళ్ళి స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"తాగండి మేడం. కేన్ నీలే."

పక్కనే చాప మీద కూర్చుంది.  అప్పుడు అడిగింది.

"అత్తకి ఆఖరికి ఏటైనా దొరికినాదాండి?"

అబద్ధం నా నాలుక చివరిదాకా వచ్చింది. ఏదో ఒక పేరు చెబితే చాలు, నోరు తిరగని పేర్లు నాకూ పదొస్తాయి. ఇన్నేళ్ళూ నేను వాదించింది దాని కోసమే. కానీ ఆ పిల్ల కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి.

"లేదమ్మా" అన్నాను. "తెలియలేదు."

ఆ పిల్ల తల ఊపింది. ఆశ్చర్యపడలేదు. అరుగు మీదున్న బిందె మూత తీసి, గ్లాసు ముంచుకుంది.

"అవి కేన్ నీళ్ళేనా?" అన్నాను.

"కాదండి. బోరువి. ఇంతమందికి కేన్లు సాలలేదు. మీకోసరం ఒక గలాసు దాసేను."

నా గ్లాసు ఇంకా నిండుగానే ఉంది. "ఇది నువ్వు తాగు తల్లీ, నాకు దాహం లేదు" అని చాపాను.

"వద్దండి, సుట్టాలకిచ్చినాయి మేం తాగకూడదు" అంది. బిందెలో ముంచుకున్న నీళ్ళు నా కళ్ళెదురుగానే గడగడా తాగేసి, మూతి తుడుచుకుని, వడ్డనకి వెళ్ళింది.